మునియమ్మాళ్ ఏ ఇంటి మనిషి

మా ఎదురింటి గోవిందమ్మాళ్ ఇంటి కప్పు తెల్లగా ఉంటుంది. నల్లంపల్లిలో బస్సు దిగి మా కాలనీ వైపు చూస్తే ముందు కంటబడేది అదే. చుట్టూ అన్నీ మసిబారిన సిమెంటు రేకులు, నడుమ ఆ ఒక్కటి మాత్రం కొత్తగా సున్నం కొట్టిన గోడలాగా మెరుస్తూ. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎండకు మండేది వేరు, ఇది వేరు.

ఆ పెయింట్ ప్రభుత్వం వేసింది. ఎండలు ముదురుతున్నాయని, వానలు వేళ తప్పుతున్నాయని తమిళనాడులో మా ధర్మపురి జిల్లాకంతా ఏదో ప్రణాళిక తయారు చేస్తున్నారు. అందులో భాగంగా అక్కడక్కడ కొన్ని ఇళ్ళకు ముందుగా వేసి చూశారు. వేయనీ, నాకేం? కానీ గోవిందమ్మాళ్‌కు ఆ పెయింట్ ఎవరి పేరు చెప్పి వచ్చిందో తెలుసా? మా అత్త మునియమ్మాళ్ పేరు చెప్పి. నా అత్త! నా మొగుణ్ణి కన్న తల్లి. మా ఇంట్లో తిని మా ఇంట్లో పడుకునే మనిషిని చూపించి ఎదురింటావిడ తన కప్పు చల్లబరుచుకుంది. ఇంత అన్యాయం ఎక్కడైనా చూశారా?

మా అత్త ఎవరో చెప్తే గానీ నా కడుపుమంట మీకు అర్థం కాదు.

ఆమెది తొప్పూరు. కనుమ కింద పుట్టి, ఊహ తెలిసినప్పటినుంచీ రాళ్ళు మోసింది. ఆ కనుమలో రోడ్డు వెడల్పు చేసిన రోజుల్లో కంకర తట్టలెత్తిన ఆడవాళ్ళలో ఆమె ఒకతె. మోసి మోసి నడినెత్తిన జుట్టు ఊడిపోయింది, మళ్ళీ రాలేదు. సేలం పోయే బస్సు ఆ మలుపుల దగ్గరికి వచ్చిందంటే పక్కనున్నవాళ్ళు తెలిసినవాళ్ళా కాదా అని చూడదు, "ఈ రోడ్డు కింద నా వెంట్రుకలు ఉండాయి" అని చెప్పి తీరుతుంది. మా మామ కాళియన్ తొందరగానే పోయాడు. మా ఆయన తమిళ్‌సెల్వన్‌ను చంకన వేసుకొని కూలికి పోయి, ఒక్కతే పెంచింది. ఒకరి దగ్గర చెయ్యి చాచలేదు, ఒకరితో మాట పడలేదు.

నన్ను కోడలిగా తెచ్చుకున్నప్పుడు నాకు తల్లి లేదు. తల్లి ఎట్లా ఉంటుందో కూడా గుర్తు లేదు. పెళ్ళైన కొత్తలో నాకు పచ్చకామెర్లు వచ్చి లేవలేకపోతే, ఈమె నన్ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని రోడ్డు దాకా మోసింది, ధర్మపురి ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆ రోజునుంచి ఆమె నాది. మా ఆయనకు తల్లి అయితే అయ్యుండవచ్చు, నాకు మాత్రం సొంతం. వేరే ఎవరైనా ఆమెకు వక్కాకు మడిచి ఇచ్చినా నాకు గిట్టదు. అది నా గుణం, ఏం చేసుకుంటారో చేసుకోండి.

గోవిందమ్మాళ్‌తో అందుకే నాకు ముందునుంచీ పడదు. మొగుడు పోయాడు, కూతుర్ని మారండహళ్ళిలో ఇచ్చింది, ఒంటరిది. వ్యాపారులు మూటల్లో పంపే చింతకాయలకు పెంకు వలిచి, గింజ తీసి ఇస్తుంది. మా అత్తకు బరువు పనులు చాతగాక, ఆమె గడపలో కూర్చొని తానూ గింజలు తీయడం మొదలుపెట్టింది. నేను పొద్దున్నే టమాట తోటల్లో కోతకు పోతాను, మధ్యాహ్నానికి వస్తాను. వచ్చేసరికి ఇద్దరూ కిచకిచమంటూ ఉంటారు. నన్ను చూసి ఆపేస్తారు. పైగా గోవిందమ్మాళ్ కూడా "అత్తా, అత్తా" అంటుంది. ఎవరికి అత్త? ఏ వరసన అత్త? గట్టిగా అడిగితే చిరునవ్వు నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇక అసలు సంగతి. శివరాత్రి పోయిన కొత్తలో కలైవాణి అనే అమ్మాయి చేతిలో ట్యాబ్ పట్టుకొని మా వీధికి వచ్చింది. జిల్లా ప్రణాళిక కోసం ఇల్లిల్లూ తిరుగుతోంది. కప్పు ఏమిటి, నీళ్ళు ఎక్కడివి, ఎండకు ఎవరైనా పడిపోయారా అని అరవంలో వరసగా అడిగింది. అన్నిటికీ బాగానే చెప్పాను. చివరికి, "ఇంట్లో వయసైనవాళ్ళు ఉన్నారా?" అంది.

అక్కడే వచ్చింది తంటా. కొడుకు సంపాదిస్తుంటే తల్లికి ముసలివాళ్ళ పెన్షన్ ఆపేస్తారని మా కాలనీలో ఒక మాట ఉంది. ఎవరన్నారో, ఎప్పుడన్నారో ఎవరికీ తెలియదు. అయినా చేతిలో కాగితమో యంత్రమో పట్టుకొని ఎవరొచ్చినా సరే, మా వీధిలో ముసలివాళ్ళందరూ మాయమైపోతారు. దోమల మందు కొట్టేవాడు వచ్చి అడిగినా, "మా నాయన ఊర్లో లేడు" అంటారు. నేను మాత్రం ఎందుకు తెలివితక్కువగా ఉండాలి?

"ఎవురూ లేరమ్మా. నేను, మా ఆయన, అంతే" అన్నాను.

కలైవాణి వెనక్కి తిరిగింది. ఎదురుగా గోవిందమ్మాళ్ గడపలో మా అత్త కాళ్ళు చాపుకొని కూర్చొని చింతగింజలు తీస్తోంది. "పాట్టి మీ ఇంట్లోనే ఉంటారా?" అని ఆ అమ్మాయి అవ్వను చూపించి గోవిందమ్మాళ్‌ను అడిగింది. గోవిందమ్మాళ్ నా మొహం చూసింది. నేను ఆ పిల్ల వెనకనుంచి అవునను, అవునను అని కళ్ళతో సైగ చేశాను.

"అవును, ఈడే" అంది గోవిందమ్మాళ్.

ఆ మాటతో నా పెన్షన్ భయం తీరింది. గోవిందమ్మాళ్ పరవాలేదే అని కూడా అనుకున్నాను, నా బుద్ధిని తగలబెట్ట.

తర్వాత కొన్నాళ్ళకు ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకొని ఎదురింటి కప్పు ఎక్కారు. రేకులు కడిగి, తుడిచి, తెల్ల పెయింట్ పూయడం మొదలుపెట్టారు. కలైవాణి కింద నిలబడి చూస్తోంది. నేను పరుగెత్తుకుంటూ పోయి, "ఏంది ఇది? మాకు ఎందుకు లేదు?" అని అడిగాను.

ఆమె ఓపిగ్గా చెప్పింది. ఆ పెయింట్ ఎండను లోపలికి రానివ్వదట. జిల్లా అంతటికీ ఒకేసారి వేయలేరు గనక, రేకుల కింద ముసలివాళ్ళో పసిపిల్లలో ఉన్న ఇళ్ళకు ముందు. "మీ ఇంట్లో ఎవరూ లేరన్నారు కదా అక్కా" అంది.

  మా అత్త అక్కడే గడపలో కూర్చొని, తల పైకెత్తి, పెయింట్ వేసేవాళ్ళను వేడుకగా చూస్తోంది. నేను నోరు మూసుకొని ఇంటికొచ్చి గిన్నెలన్నీ చప్పుడయ్యేటట్టు తోమాను.

ఆ ఇల్లు నిజంగానే చల్లబడింది. మా ఇంట్లో మధ్యాహ్నమైతే రేకులు చిటపటమంటాయి, ఫ్యాను వేస్తే సెగ గాలి కొడుతుంది. ఇక చెప్పేదేముంది? మా అత్త అన్నం తినడం ఆలస్యం, చాప చంకన పెట్టుకొని ఎదురింటికి బయలుదేరేది.

"యాడికి?" అనేదాన్ని.

"ఆడికే. కన్ను మూసుకొని వస్తాను."

"ఈడ మూసుకుంటే మూతపడదా?"

"ఈడ మూసుకుంటే తెరుచుకోదేమో అని భయమమ్మా" అని నవ్వుతూ పోయేది.

సాయంత్రం వచ్చి ఆ ఇంటి వైభవాలు చెప్పేది. గోవిందమ్మాళ్ రసంలో మిరియాలు బాగా పడ్డాయట. గోవిందమ్మాళ్ కాళ్ళకు వేపనూనె రాసిందట. నేను రాయనా? నేను ఎన్నేళ్ళు రాశాను ఆ కాళ్ళకు! మా ఆయనతో చెప్పుకుంటే, ఆయన మండీలో మూటలెత్తి వచ్చిన మనిషి, "పోనీలే మాదేశ్వరీ, ముసలిది చల్లగా పండుకుంటా ఉండాది" అన్నాడు. మగవాళ్ళకు ఇటువంటివి ఎక్కవు. తల్లిని ఎదురింటివాళ్ళు ఎగరేసుకుపోతుంటే అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు.

నేను పనినుంచి వచ్చి మా గడపలో కూర్చొని ఎదురింటి తలుపు చూస్తూ ఉండేదాన్ని. లోపలినుంచి మా అత్త గురక వినబడేది. నా ఇంట్లో ఆమె గురక పెట్టి ఎన్నాళ్ళైందా అని ఆలోచించేదాన్ని. తలుచుకుంటే ఏడుపొచ్చేది, ఏడుపుకంటే ముందు కోపమొచ్చేది.

ఇంతలో కమ్యూనిటీ హాల్లో కూట్టం పెట్టారు. జిల్లా ప్రణాళిక ఖాయం చేసేముందు జనం మాట వినాలని సభ. ధర్మపురినుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. గోడకు తెర కట్టి జిల్లా పటం చూపించారు. ఇంకొన్నేళ్ళకు ఎండ ఎక్కడెక్కడ ఎంత పెరుగుతుందో రంగులేశారు, మా నల్లంపల్లి ఎర్రగా ఉంది. చెరువుల్లో పూడిక తీయడం, తొప్పూరు గుట్టల్లో చెట్లు నాటడం, తక్కువ నీళ్ళతో పండే రాగులు సామలు వేయించడం, రేకుల ఇళ్ళకు పెయింట్ వేయడం, ఇట్లా చాలా చెప్పాడు. మంచి మాటలే. కానీ నా చూపు పటం మీద లేదు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీల మీద గోవిందమ్మాళ్, ఆమె పక్కన మా అత్త. పెయింట్ వల్ల మేలు పొందిన ఇల్లని కలైవాణి వాళ్ళను పిలిచి కూర్చోబెట్టింది. నేను వెనక, తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

గోవిందమ్మాళ్‌ను లేచి చెప్పమన్నారు. ఆమె మైకు పట్టుకొని, నేలచూపులు చూస్తూ, "ఇప్పుడు ఇల్లు చల్లగా ఉంది సార్. మా అత్త మధ్యాహ్నం నెమ్మదిగా పడుకుంటుంది" అంది అరవంలో. జనం చప్పట్లు కొట్టారు.

మా అత్త! మైకులో! ఊరంతా వినేటట్టు!

ఇక నేను ఆగలేదు. నా అరవం మామూలుగా తడబడుతుంది గానీ కోపమొస్తే ధారగా వస్తుంది. "ఆమె అత్త కాదు సార్, నా అత్త! నా మొగుడి తల్లి! ఆమె ఉండేది నా ఇంట్లో. ఆ ఇంట్లో ముసలివాళ్ళెవరూ లేరు. అబద్ధం చెప్పి పెయింట్ వేయించుకుంది" అని అరిచాను. పెన్షన్ పోతే పోనీ అనిపించింది. ఏది పోయినా పోనీ.

 కలైవాణి గబగబా ట్యాబ్ తెరిచి చూసుకుంది. గోవిందమ్మాళ్ నేను సైగ చేసిన సంగతి చెప్పేస్తుందనుకున్నాను. చెప్పలేదు. మైకు అట్లాగే పట్టుకొని నిలబడింది.

ఆఫీసరు కోప్పడలేదు. వంగి మా అత్తను అడిగాడు. "పాట్టీ, మీరు ఏ ఇంట్లో ఉంటారు?"

మా అత్తకు అరవం బాగా వచ్చు. కానీ ఆమె అతనికి జవాబు చెప్పలేదు. కుర్చీలో వెనక్కి తిరిగి, అంతమంది తలల మీదుగా నన్ను వెతికి, మన తెలుగులో అడిగింది.

"మాదేశ్వరీ, ఏం చెప్పల్లమ్మా? నువ్వే చెప్పు."

అందరూ నావైపు తిరిగారు. గోవిందమ్మాళ్ కూడా చూసింది. ఆమె మొహం పాలిపోయి ఉంది, ఆ చిరునవ్వు లేదు. నేను ఒక్క మాట తగ్గి ఉంటే ఆమె పరువు నిలిచేది. నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

"నా ఇంట్లో. నాతో."

ఆఫీసరు తల ఊపాడు. వేసిన పెయింట్ ఎవరూ గీకరన్నాడు. మా ఇంటికి రెండో విడతలో, ప్రణాళిక ఖాయమైన తర్వాత, వచ్చే ఎండాకాలానికి వేస్తామన్నాడు. పెన్షన్ ఊసే ఎత్తలేదు. తర్వాత జనం వైపు తిరిగి, "ఎవరు ఎక్కడ ఉన్నారో మీరే దాచిపెడితే, ఎండ ఎవరిని కొడుతుందో మాకు ఎట్లా తెలుస్తుంది? ఎవరికోసమని ప్రణాళిక వేయమంటారు?" అన్నాడు.  తర్వాత ఒక మూలనుంచి, "మా నాయన కూడా ఇంట్లోనే ఉన్నాడు సార్" అన్నారు ఎవరో. ఇంకొకామె లేచి తన అవ్వ సంగతి చెప్పింది. చూస్తుండగానే మా వీధిలో మాయమైన ముసలివాళ్ళంతా ఒకరొకరే తిరిగొచ్చారు. జనం నవ్వుకున్నారు. కలైవాణి మళ్ళీ మొదటినుంచి రాసుకోవడం మొదలుపెట్టింది.

నేను మా అత్త చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకొచ్చాను. దారంతా గెలిచినదానిలాగా నడిచాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని మా అత్త చాప తీసింది. మళ్ళీ ఎదురింటికేనా అనుకున్నాను. ఆమె చాపను మా ఇంట్లోనే, మా రేకుల కిందే పరుచుకుంది. చెప్పొద్దూ, నాకు నేల మీద కాళ్ళు నిలవలేదు. పక్కన కూర్చొని విసురుతూ ఆమె కాళ్ళకు వేపనూనె రాశాను. ఎదురింటి తలుపు తెరిచే ఉంది. కనబడనీ అనుకున్నాను, ఆమెకు బాగా కనబడనీ.

ఆ తర్వాత కత్తిరి ఎండలు మొదలయ్యాయి. రేకుల సెగకు గోడలు కూడా చెయ్యి పెట్టనివ్వడం లేదు. మా అత్తకు నిద్ర లేదు, ఆకలి లేదు. తడిగుడ్డ వేస్తే ఇట్టే ఆరిపోతుంది. ఒళ్ళు కాలుతోంది గానీ చెమట పట్టడం లేదు.

"అత్తా, ఎదురింటికి పో. కొంచెంసేపు పండుకొని రా" అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆమె కళ్ళు తెరవకుండానే చెప్పింది. "ఎట్ల పోయేదమ్మా? అంతమంది ముందర నీ ఇంటి మనిషినని చెప్పినావు. మళ్ళా ఆడికి పోయి పండుకుంటే నీ మాట ఏమయిపోతాది? నువ్వు అబద్ధాలదానివని అనరా?"

ముసలిదానికి నామీద ఎంత ప్రేమో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. అది దొరికేసరికి నాకు భయమేసింది.

వీధి దాటి పోయాను. గోవిందమ్మాళ్ ఒక్కతే కూర్చొని చింతగింజలు తీస్తోంది. కూట్టం తర్వాత మేము మాట్లాడుకోలేదు. గడప బయటే నిలబడి, "గోవిందక్కా, ఆయమ్మను నువ్వు పిలువు. నేను చెప్తే వినలే" అన్నాను.

నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "నేను పిలిస్తే రాదు మాదేశ్వరీ. నువ్వు తోడుకొని రా. నువ్వు తెచ్చి దించితే వస్తాది" అంది.

తిరిగొచ్చి మా అత్తను లేపాను. లేవలేకపోయింది. ఎత్తుకున్నాను. ఏమీ బరువు లేదు. ఆ ఎండలో వీధి దాటించి, ఏ ఇంటిని చూస్తే నాకు కడుపు మండుతుందో ఆ ఇంట్లోకే తీసుకుపోయి, ఆ చల్లటి నేల మీద పడుకోబెట్టాను. గోవిందమ్మాళ్ ఉప్పు వేసిన గంజి తెచ్చి కొంచెం కొంచెంగా తాగించింది. చాలాసేపటికి మా అత్త నుదుటి మీద చెమట పట్టింది. ఊపిరి కుదురుగా ఆడింది. నిద్రపోయింది.

గోవిందమ్మాళ్ ఇంకొక చాప పరిచింది. "నువ్వు కూడా కొంచెం నడుం వాల్చు" అంది.

"నాకు పనుండాది" అని వచ్చేశాను. పనేమీ లేదు. మా గడపలో ఎండలో కూర్చున్నాను. చల్లగా ఉంది ఆ ఇల్లు, పాపిష్టిది, చెప్పలేనంత చల్లగా ఉంది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం నేనే తీసుకుపోయి దించుతున్నాను, సాయంత్రం నేనే పోయి తెచ్చుకుంటున్నాను. నేను తీసుకుపోతే తప్ప ఆమె గడప దాటదు. వీధిలోవాళ్ళు చూసి నవ్వుకుంటున్నారు, నవ్వుకోనీ. నిన్న పొద్దు వాలకముందే పోయాను. ఇద్దరూ నిద్రలో ఉన్నారు. మా అత్త గోవిందమ్మాళ్ చెయ్యి గట్టిగా పట్టుకొని పడుకొని ఉంది. నా చెయ్యనుకొని పట్టుకుని ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరి చెయ్యనుకున్నావో లేపి అడుగుదామని పక్కన కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నా లేపడానికి ధైర్యం చాలలేదు.